విన్నవన్నీ రాయి

ఆ దర్జీ ఆవిడకి పని తెమిలాక ఒకటే సరదా. కంప్యూటర్ ముందు కూర్చుని, బొమ్మల్లేకుండా ఉత్త మాటలతో సాగే ఆన్‌లైన్ ఆట ఆడడం. అందులో ఆమెది చూపులేని పడవమనిషి వేషం. భర్తకి నైట్ డ్యూటీ కాబట్టి, ఇంకా పడుకోలేదేమని అడిగేవాళ్ళు లేరు.

ఆటలో కొత్తగా చేరిన ‘కాపరి’ ఆ రాత్రి ఇలా రాశాడు: “అక్కా, నాకు నిజంగానే చూపు లేదు. నీ పడవామె సొంత పడవలో కూడా తడుముకుంటుందేంటి? మేం అలా ఉండం. ఓసారి లైటార్పి, కళ్ళు మూసుకుని కూర్చో. విన్నవన్నీ రాయి.”

ఆమెకి సిగ్గేసింది. “సరే తమ్ముడూ” అని రాసి, లైటార్పి, కళ్ళు మూసుకుంది.

ఫ్రిజ్ గుర్రుమంటోంది. వంటింట్లో కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది. ఆ వెనకే కుట్టుగదిలోంచి టకటకమని కీబోర్డు చప్పుడు. ఆ గదికి సాయంత్రమే తాళం వేసింది. అందులో ఉన్నది కుట్టుమిషనొక్కటే. తన చేతులేమో ఒళ్ళోనే ఉన్నాయి.

చప్పుడు ఆగింది. వెంటనే కంప్యూటర్ టింగుమంది. కళ్ళు తెరిస్తే తెర మీద కాపరి మాట: “ఏమేం వినిపించాయి?”

ఆమె నిదానంగా టైపు చేసింది. “ఫ్రిజ్జు. కుళాయి. అంతే.”

కుట్టుగది తలుపవతల ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది, ఈసారి తీరిగ్గా, ఒక్కో అక్షరమే నొక్కుతున్నట్టు. ఆమె కదలకుండా తెర వంకే చూస్తూ కూర్చుంది.

“ఒకటి వదిలేశావక్కా.”