మోచేతి మడతలో దూది

నాగలక్ష్మి అత్తగారి సంచీ సర్దుతోంది.

పాత రిపోర్టులు, మాత్రల కవరు, తువ్వాలు, మంచినీళ్ళ సీసా. అన్నిటికంటే పైన, ఒరిగిపోకుండా, స్టీలు డబ్బా.

"మునగాకు పప్పు, అన్నం పెట్టానత్తయ్యా. ఆషాఢం కదా, మిగల్చకుండా తినెయ్యండి."

నాంచారమ్మ తలూపింది. వాకిట్లోకి వెళ్ళి గేదెకు చెప్పింది. గోడ మీంచి పక్కింటివాళ్ళకు చెప్పింది. మళ్ళీ లోపలికొచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళొస్తానమ్మా."

"సాయంత్రం బస్సుకి వచ్చేస్తారు. కాశీకి పోతున్నట్టు ఈ అప్పగింతలేంటి?"

నాంచారమ్మ నవ్వలేదు. 2000లో ఆవిడ గుండె ఒక వరసన కొట్టుకోవడం మానేసింది. కాసేపు పరుగు, కాసేపు ఆగిపోయినట్టే. అలాంటి గుండెలో నెత్తురు గడ్డకడితే అది తలకెక్కి మనిషిని పడగొడుతుందనీ, అందుకే నెత్తురు పల్చనయ్యే మాత్ర రోజూ వేసుకోవాలనీ బెజవాడ డాక్టరు చెప్పాడు. మాత్ర పనిచేస్తోందో లేదో నెలనెలా పరీక్ష. అందులో వచ్చే అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి, తగ్గితే నెత్తురు చిక్కబడుతున్నట్టు.

అప్పట్నుంచి రెండేళ్ళుగా ఏ గడప దాటినా చివరిసారి దాటుతున్నట్టే దాటుతుంది.

బెజవాడ ఆస్పత్రి హాల్లో పరీక్ష రోజున వచ్చేవాళ్ళంతా అదే జబ్బువాళ్ళు. వాళ్ళను ఒక సంఘంగా చేసింది అబ్రహాము. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసినవాడు.

"రండి నాంచారమ్మ గారూ. నా ఇంజన్ ఇవాళ మూడు కొట్టి ఒకటి ఎగ్గొడుతోంది. మీదో?"

"నాదానికి లెక్కే లేదండీ."

నెత్తురిచ్చి, మోచేతి మడతలో దూది నొక్కుకుని, ఫలితం వచ్చేదాకా అందరూ మాట్లాడుకుంటారు. ఎవరి అంకె రెండు కంటే తగ్గింది, వాళ్ళు ఆ నెల ఏం తిన్నారు, ఏం మానేశారు.

"డాక్టరు గారికి గుండె తెలుసు. మన వంటిళ్ళు మనకే తెలుసు. అన్నీ కలిపి చూసుకోవాలి" అంటాడు అబ్రహాము.

మంగళగిరి రావమ్మ దూది నొక్కుకుంటూ వచ్చి నాంచారమ్మ పక్కన కూర్చుంది. ఆవిడకు మాత్రల ఊసు కంటే డబ్బాల ఊసెక్కువ. హాల్లో తిండిపోతని పేరు.

"ఏం కూరండీ?"

"మునగాకు పప్పు."

"ఎన్నాళ్ళబట్టి?"

"ఆషాఢం వచ్చినకాణ్ణుంచీ రోజూ. మా కోడలు ఒక్క పూట మాననివ్వదు."

"ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచొద్దన్నారుగా డాక్టరు గారు?"

"పెంచలేదండీ. తోటకూర, పాలకూర ఎప్పటంతే. మునగాకు కూరేంటండీ, ఆషాఢానికి మందు."

"మందయినా ఆకు ఆకేనండీ. ఏడాదంతా తిననిది నెలంతా తింటే మాత్ర ఓడిపోద్ది."

అంటూనే రావమ్మ ఆ డబ్బా తన ఒళ్ళోకి లాక్కుంది. తన పెరుగన్నం గిన్నె నాంచారమ్మ ఒళ్ళో పెట్టింది.

నాంచారమ్మకు ఒళ్ళు మండింది.

"తినాలనిపిస్తే నోరు తెరిచి అడగొచ్చుగా? మా కోడలు ఇంకో డబ్బా సర్దేది. దానికి నన్ను భయపెట్టాలా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. రావమ్మ డబ్బా మూత తీసింది. ముద్దముద్దకీ నీళ్ళు తాగుతూ, కళ్ళు తుడుచుకుంటూ, అడుగుదాకా తిన్నది.

"కారమెక్కువైందా?" అంది నాంచారమ్మ వెటకారంగా.

"లేదండీ. బాగా చేసింది మీ కోడలు."

మధ్యాహ్నం అంకె వచ్చింది. రెండుకి చాలా కింద ఉంది.

"ఆకుకూరలేమైనా ఎక్కువ తిన్నారా?" అన్నాడు డాక్టరు.

"లేదండీ" అని లేచింది నాంచారమ్మ. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మునగాకు కూడా లెక్కలోకి వస్తదాండీ?"

డాక్టరు మాత్ర పెంచి రాయబోయి కలం ఆపాడు.

"నెత్తురు చిక్కబరచడంలో అన్ని ఆకుల కంటే గట్టిది అదే. మీరు రాకముందు ఒక ఆషాఢంలో సగం హాలుకి ఇదే గోల. మీ సంఘంవాళ్ళే కూడబలుక్కుని నాకు చెప్పారు. మొదట అనుమానపడింది రావమ్మ గారంట."

నాంచారమ్మకు మొహం చెల్లలేదు. గేదెకు కూడా వెళ్ళొస్తానని చెప్పే మనిషి, రావమ్మకు చెప్పకుండా పక్క గుమ్మంలోంచి బస్టాండుకు నడిచింది.

శ్రావణంలో సంచీ ఆవిడే సర్దుకుంది. డబ్బా నిండా సున్నుండలు.

"ఎవరికత్తయ్యా?"

"నా అన్నం తిన్న మనిషికి."

హాలంతా వెతికింది. రావమ్మ కనిపించలేదు. నెత్తురు తీసే జెస్సికాను అడిగింది.

"మా రావమ్మ గారు ఇంకా రాలేదా అమ్మాయ్?"

జెస్సికా సూది పక్కన పెట్టింది.

"జ్వరమొచ్చి పోయిన వారం పోయారండీ. అబ్రహాము గారు మంగళగిరి వెళ్ళొచ్చారు."

నాంచారమ్మ సంచీని ఒళ్ళోకి తీసుకుంది.

"పాపం, ఆ గుండెతో జ్వరానికి ఏం తట్టుకుంటది."

"ఆవిడ గుండెకేం లేదండీ. నేనెప్పుడూ ఆవిడకి నెత్తురు తియ్యలేదు."

"మరి ఆ దూది?"

"నన్నడిగి తీసుకునేవారు. జబ్బు లేని మనిషి చెబితే ఎవరు వింటారమ్మాయ్ అనేవారు."

"జబ్బే లేకపోతే ఇన్నేళ్ళు ఇక్కడికెందుకొచ్చింది?"

"జబ్బు వాళ్ళాయనది. అదిగో, ఆ చివరి బెంచీ మీదే ఒరిగిపోయారంట."

1994 ఆషాఢంలో, రావమ్మ నెలంతా తప్పకుండా వండిపెట్టిన మునగాకు పప్పు డబ్బాను సంచీలో పెట్టుకుని, సాయంత్రానికి వచ్చేస్తానని మంగళగిరిలో బస్సెక్కిన ఆమె భర్త పేరయ్య తిరిగి ఇంటికి రాలేదు.