గుమ్మడి పిందె, ఉడుత వేలు

వాగు ఒడ్డున అడవి జంతువులన్నీ కలిసి కూరగాయలు పండించుకునే తోట ఒకటి ఉంది. ఎవరి మడి వాళ్ళది. మొదటి కాపు తీయలేనివాళ్ళ మడి మాత్రం వానలు పడగానే ఇంకొకరికి పోతుంది.

ఆ వసంతంలో కొత్తగా మడి దొరికిన ఉడుత గుమ్మడి గింజలు పెట్టింది. తీగ పాకింది, పూలు విచ్చాయి, పిందెలు దిగాయి.

"పిందెకేసి వేలు చూపకు, రాలిపోతుంది," అంది పక్క మడిలో దోస వేసిన కుందేలు.

"ఎందుకు రాలుతుంది పిన్నీ?"

"మా అమ్మ చెప్పింది. మీ అమ్మ చెప్పలేదా?"

ఉడుత వేలు చూపలేదు. అయినా పిందెలు పసుపెక్కి ఒక్కొక్కటే రాలిపోయాయి.

"చూపావు కదూ," అంది కుందేలు.

"లేదు పిన్నీ. పిందె లేని పోతు పూలు తీగ బలమంతా తినేస్తున్నాయని, వాటిని మాత్రం పొద్దున్నే తుంచేస్తున్నాను."

దోస పువ్వులోంచి తేనెటీగ బయటికొచ్చింది. "ఆ పూలే లేకపోతే పిందె నిలవడానికి పుప్పొడి నేనెక్కణ్ణుంచి తేను? వేలు చూపిస్తే పిందె రాలదమ్మా. వేలు పెడితే రాలుతుంది."

మర్నాటి నుంచి ఉడుత చేతులు తోక కింద దాచుకుని తీగ పక్కనే కూర్చుంది. పోతు పూలు విచ్చాయి. తేనెటీగ వచ్చి వెళ్ళింది. ఒక పిందె నిలిచి, పిడికెడంత అయింది.

అప్పుడు ఉడుత అటూ ఇటూ చూసి, మెల్లగా దానికేసి వేలు చూపింది.

పక్క మడిలో కుందేలు కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. పిందె తీగకే ఉంది.