పాత కారుకు పట్టీలు

కోడలు కారు కిందికి దూరి వెల్డింగ్ మొదలుపెట్టబోతుంటే మామగారు ప్లగ్గు పీకేశారు.

"మామయ్యా, కరెంటు పోయిందా?"

"పోలేదు. నా చేతిలో ఉంది. ఇన్నేళ్లు నేను నడిపిన కారుకి ఇనప పట్టీలు వేస్తానంటే ఊరుకుంటానా?"

మెకానిక్‌గా పని చేసే ఆ కోడలు పాత కార్ల పోటీకి పేరిచ్చింది. పోటీ కొండదారిలో. ఆమె నెమ్మదిగా బయటికొచ్చింది.

"దీనికి అడుగున బరువు మోసే చాసిస్ విడిగా లేదు మామయ్యా, బరువంతా బాడీయే మోయాలి. జాకీతో ఒక పక్క లేపితే చాలు, బాడీ వంగిపోయి తలుపు మూతపడటం లేదు."

"నన్ను ఒక పక్క లేపినా నోరు మూతపడదు. నాకూ పట్టీలు వేస్తావా?"

"కుదిరితే ముందు మీకే వేసేదాన్ని."

ఆయన నవ్వబోయి ఆపుకున్నారు.

"ఇలా ఉంటే మెల్లగా తిప్పుతావు, నన్నూ ఎక్కించుకుంటావు. గట్టిపడ్డాక పోటీలంటూ దూసుకుపోతావు. నేను గేటు దగ్గర నిలబడి చెయ్యూపాలి."

కోడలు గ్లవ్స్ తీసేసి ఆయన ఎదురుగా నిలబడింది.

"పోటీలో పక్క సీటు ఖాళీగా ఉంటే బండిని కదలనివ్వరు. మలుపులు ముందే చూసి చెప్పే మనిషి ఉండాలి. మీ పేరే ఇచ్చాను. ముందే చెబితే వద్దంటారని దాచాను."

మామగారు వంగి ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేశారు. కళ్లజోడు వెతుక్కోవాలంటూ హడావిడిగా ఇంట్లోకి నడిచి, గుమ్మంలో ఆగారు.

"అమ్మాయ్! నేను కూర్చునే పక్క ఇంకో పట్టీ ఎక్కువ వెయ్యి!"