ఈల వినబడగానే

వెనక అడుగుల చప్పుడు ఆగడం లేదు.

ఆమె నడక పెంచింది. అడుగులూ వేగం పెంచాయి.

తిరిగి చూడక్కర్లేదు. ఎవరో తెలుసు. ఎదురింటికి రంగులు వేస్తూ రోజంతా పరంజా మీద వేలాడే మనిషి. ఆమె మలుపు తిరగడం చూసి, చేతిలో బ్రష్షు అక్కడే పారేసి గబగబా కిందికి దిగాడు. కళ్లారా చూసి, ఎదురుపడకుండా పక్క సందులోంచి చుట్టూ తిరిగి వచ్చింది. అయినా వెంటపడ్డాడు.

చివరి క్లాసు ఎగ్గొట్టి రావడం ఎంత బుద్ధి తక్కువ పని! మామూలు వేళకి వస్తే పక్కన స్నేహితురాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు వీధిలో నరపురుగు లేదు. పైగా మబ్బు పట్టి, వేళ కాకుండానే చీకటి ముసిరింది.

బ్యాగులోంచి తాళంచెవి తీసి గుప్పిట్లో బిగించింది. దానికే ఈల కట్టి ఉంది.

ఈల ఇచ్చింది బాబాయ్. వరసకి బాబాయేం కాదు, ఇంటి యజమాని. కింద ఆయనా, పిన్నీ. మేడ మీద గదిలో ఆమె. ఈ కాలేజీ పేటలో ఫోన్లు లాక్కుపోవడం, ఆడపిల్లల వెంట పడటం ఎక్కువయ్యాక వీధి రక్షణ సంఘం పెట్టింది ఆయనే. అద్దెకుండే ప్రతి అమ్మాయికీ ఒక ఈల ఇచ్చాడు. ఈల వినబడగానే ఎవరింట్లో వాళ్లు వీధి వైపు లైటు వెయ్యాలి. అదే కట్టుబాటు. ఆమె గది కిటికీ మీద కూడా ఒక లైటు పెట్టించాడు, స్విచ్ గది లోపల.

"బుర్ర ఆలోచించకూడదమ్మా. ఈల వినబడితే చెయ్యి దానంతటదే స్విచ్ మీదకి పోవాలి. అంతగా అలవాటైపోవాలి" అనేవాడు.

ఆదివారం వస్తే చాలు, అందరిచేతా సాధన చేయించేవాడు. పిల్లలంతా ఆయనకి 'ఈలల బాబాయ్' అని పేరు పెట్టారు. ఒకసారి పక్కింట్లో కుక్కర్ కూత పెడితే, అన్నం ముందు కూర్చున్న బాబాయ్ ఉలిక్కిపడి లేచి లైటు వేశాడట. చెబుతూ చెబుతూ పిన్ని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

నవ్వులు అక్కడితో సరి. ఆ తర్వాత గదిలో తేడాలు మొదలయ్యాయి.

పొద్దున వాడిన సబ్బు సాయంత్రానికీ తడిగానే ఉండేది. చక్కగా సర్ది వెళ్లిన దిండు మీద గుంట. మడత పెట్టిన బట్టలు ఇంకో మడతలో.

"నీ సబ్బు కూడా నీలాగే ఏడుపుగొట్టుదే" అని ఏడిపించింది స్నేహితురాలు. "పరీక్షలొస్తున్నాయిగా తల్లీ, నీకు మతి పోయింది."

బాబాయ్ మాత్రం నవ్వలేదు. గదంతా కలియతిరిగాడు. తాళం లాగి చూశాడు.

"తాళం చెక్కుచెదరలేదు. అంటే వచ్చేవాడు తలుపులోంచి రావట్లేదు." కిటికీలోంచి ఎదురుగా చూపించాడు. "వీధా, ఇంత ఇరుకు. ఆ పరంజా మీంచి నీ కిటికీకి ఒక్క గంతు. వాడి చూపెప్పుడూ ఇటే, గమనించావా?"

గమనించింది. రంగులతను పని ఆపి మరీ ఆమె కిటికీ వైపు చూసేవాడు. ఒకటి రెండుసార్లు కిందికి దిగి పలకరించబోయాడు కూడా. ఆమె తల వంచుకుని లోపలికి పరిగెత్తింది.

"వాడు మాట కలిపితే ఆగకు" అన్నాడు బాబాయ్. "ఒక్క మాట కూడా వినకు. ఈల ఊదెయ్. మిగతాది మేం చూసుకుంటాం."

అడుగులు దగ్గరయ్యాయి.

"అమ్మా! ఆగమ్మా!"

ఇల్లు కనిపిస్తూనే ఉంది. మెట్లు ఎక్కేస్తే చాలు. గదిలో దూరి గడియ పెట్టుకుంటే చాలు.

"నీకు దండం పెడతా, ఒక్క మాట విను! నువ్వు పైకి..."

చెయ్యి భుజానికి తగిలింది.

ఆమె ఈల నోట్లో పెట్టుకుని ఊపిరంతా కూడదీసుకుని ఊదింది.

వీధి వెలిగింది. మందుల షాపు మీద, టైలరు కొట్టు మీద, మూలింటి గేటు మీద, వరసగా లైట్లు. తలుపులు తెరుచుకున్నాయి. షాపాయన ఒక్క ఉరుకున వచ్చి రంగులతని కాలరు పట్టుకున్నాడు.

"దొరికాడ్రా దొంగవెధవ! ఆడపిల్ల మీద చెయ్యేస్తావా?"

ఆమె ఇంటి గేటు పట్టుకుని నిలబడిపోయింది. గరిటె చేత్తోనే పిన్ని వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే తల్లీ? దెబ్బలేమన్నా తగిలాయా?"

"లేదు పిన్నీ. వాడే... దొరికాడు. బాబాయ్ ఏరీ?"

"గస్తీకి వెళ్లారమ్మా. సాయంత్రమైతే ఆయన కాలు ఇంట్లో నిలుస్తుందా? చూడు, కావలసినప్పుడే ఉండరు ఈ మనిషి!"

రంగులతను పెనుగులాడటం లేదు. పారిపోవాలనీ చూడటం లేదు. చెంప మీద దెబ్బ పడినా అతని చూపు పక్కకి తిరగలేదు. ఆ చూపు ఆమె మీద లేదు. ఆమె తల మీదుగా ఎటో ఉంది.

"నన్ను తర్వాత కొట్టండి సార్" అన్నాడు. "ముందు అటు చూడండి."

ఆమె తలెత్తి చూసింది.

పొద్దున తాళం వేసి, చెవి గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతున్న తన గది కిటికీ మీద కూడా, వీధిలో అన్ని ఇళ్లతో పాటే, లైటు వెలిగి ఉంది.