సహస్రకు దొరికిన గది

ఉత్తరాదిన జనక్‌పురిలో అన్నపూర్ణేశ్వరి ఇంటి మేడమీద గది రిజ్వానాకు చూడగానే నచ్చింది. ఫిజియోథెరపిస్టుగా తను పనిచేసే క్లినిక్‌ అక్కడికి నడిచి వెళ్ళేంత దూరం. బాల్కనీ నిండా పొద్దుటి ఎండ. పైగా ఇంటావిడ తెలుగావిడ.

“మాది రేపల్లెమ్మా. ఇక్కడ తెలుగు మాట వినబడితే ప్రాణం లేచొస్తుంది. ఇంతకీ నీ పేరేంటి?”

“రిజ్వానా అండీ. మాది తెనాలి.”

ఆవిడ చెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళింది. గదిలో ఫ్యాను ఆగింది.

“అయ్యో, మర్చేపోయాను. మావారు నిన్ననే ఎవరికో మాటిచ్చేశారమ్మా.”

ఇలాంటి జవాబు రిజ్వానాకు కొత్త కాదు. ఈసారి మాత్రం ఊరుకోలేదు. మానవ హక్కుల కమిషన్‌ ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు చేసింది.

అధికారి నిరంజన్‌ అంతా విన్నాడు. “గది నిజంగా ఇచ్చేశారేమో ముందు తేల్చుకుందాం. ఇవ్వకపోతే, అందరికీ ఒకే మర్యాద ఎందుకు లేదని అప్పుడు అడుగుదాం.”

రెండు రోజుల తర్వాత ఆ ఆఫీసు నుంచే సహస్ర ఫోన్‌ చేసింది. తనూ ఫిజియోథెరపిస్టే. తనకూ అంతే జీతం. స్పీకర్‌ పెట్టారు. అవతలి మాట ఒక్కటీ పొల్లుపోకుండా రిజ్వానా వింది.

“సహస్రా? ఎంత చక్కని పేరమ్మా. గది ఖాళీగానే ఉంది. నువ్వు వంటసామాను సర్దుకునేదాకా మా ఇంట్లోనే తిందువుగాని. నాకేం బరువు కాదు.”

“అలాగే ఆంటీ,” అంది సహస్ర.

నిరంజన్‌ ఫోన్‌ కట్టేసి, “తేలిపోయింది,” అన్నాడు.

రిజ్వానాకు గెలిచినట్టు అనిపించలేదు. సహస్ర మీద ఒళ్ళు మండింది.

ఆ తర్వాత సహస్రకు మెసేజీలు రావడం మొదలయ్యాయి. గోంగూర పచ్చడి ఫొటో. ‘నీకోసం పక్కన పెట్టాను.’ ఇంకోరోజు కిటికీ పరదాలు. ‘నీలం రంగు నీకిష్టమేనా తల్లీ?’

కేసు కోసం భద్రపరచాలని రిజ్వానా అన్నీ చదివింది. హాస్టల్లో చల్లారిన రొట్టె తుంచుతూ మళ్ళీ చదివింది. తను ఆ గదిలో నిలబడింది, నవ్వింది, ఊరి కబుర్లు చెప్పబోయింది. సహస్ర చేసిందేమిటి? పేరు చెప్పింది. అంతే. ఆ తల్లీ అన్న పిలుపు, ఆ పచ్చడి, ఆ ఎండ అన్నీ దానికేనా?

ఫోన్లో అమ్మ అడిగింది. “గది దొరికిందా?”

“సహస్రకు దొరికింది.”

“ఆ పిల్లెవరే?”

రిజ్వానా ఫోన్‌ పెట్టేసింది.

విచారణకు అన్నపూర్ణేశ్వరి పట్టుచీర కట్టుకుని వచ్చింది. రిజ్వానాను చూసి మొహం తిప్పుకుంది. కమిషన్‌ సభ్యురాలి ముందు మాత్రం తడబడలేదు.

“నాకలాంటి పట్టింపుల్లేవు మేడమ్‌. ముందు మాటిచ్చింది సహస్రకి. ఆ పిల్ల నా కూతురి లాంటిది. కావాలంటే పిలిపించి అడగండి, నేనెలాంటిదాన్నో అదే చెప్తుంది.”

“పిలవండి,” అంది సభ్యురాలు.

నిరంజన్‌ “సహస్ర” అని పిలవగానే రిజ్వానా లేచి నిలబడి, ఆ రోజు తను ఫోన్లో సహస్రగా మాట్లాడిన గొంతుతోనే, “వచ్చానాంటీ,” అంది.