మెలకువ లేని డ్యూటీ

కాకినాడ ఆసుపత్రుల్లో ఇప్పుడు నర్సులందరూ మెడ వెనక బిళ్ల అంటించుకునే డ్యూటీ చేస్తున్నారు. అది ఉంటే వరసగా రెండు షిఫ్టులు పడినా మనసు నిద్రపోతుంది, అలవాటైన చేతులు పని చేసుకుపోతాయి. అంతకుముందు నర్సు కెజియాకు నిద్ర చాలక కళ్లు తిరిగేవి, ఊరికే ఏడుపొచ్చేది. అందుకే ఆ బిళ్ల ఆమెకు వరంలా అనిపించింది.

ఆ రోజు ఆమెకు తెలివొచ్చేసరికి ఇంట్లో ఉంది. ఎదురుగా మంచం మీద అత్తగారు రూతమ్మ వణికిపోతోంది. ఆవిడ మోచేతికి పైన చున్నీ బిగించి ఉంది. కెజియా చేతిలో మందు నింపిన సిరంజి ఉంది.

“నాకే జబ్బూ లేదే అమ్మాయ్! ఎంతసేపట్నుంచి మొత్తుకుంటన్నాను, పలకవేం?” అంది రూతమ్మ ఏడుస్తూ.

కెజియా గబగబా ఆ ముడి విప్పేసి మెడ తడుముకుంది. బిళ్ల లేదు. డ్యూటీ దిగి వస్తూ దాన్ని ఆసుపత్రి గేటు దగ్గరే తీసి ఇచ్చేసినట్టు ఆమెకు గుర్తుంది.

వెంటనే హెడ్ నర్సు విక్టోరియాకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

“నీకూ మొదలైందా?” అంది విక్టోరియా గొంతు తగ్గించి. “నేనైతే గదికి బయట నుంచి తాళం వేయించుకుని పడుకుంటున్నా. సాయంత్రం డ్యూటీకి మాత్రం రా తల్లీ, మనుషుల్లేరు.”

ఫోన్ పెట్టేసి కెజియా సిరంజి వైపు చూసింది. అందులో ఏ మందుందో ఆమెకు తెలియదు. నిన్నటి నుంచి వార్డులో ఎవరికి ఏం ఎక్కించిందో అంతకన్నా తెలియదు. చెప్పులైనా వేసుకోకుండా, వాళ్లందరూ బతికే ఉన్నారో లేదో చూడటానికి ఆసుపత్రికి పరుగెత్తింది.