పరాయి తొట్టి నీళ్ళు

మొదటిసారి దూరపు పందేనికి సిద్ధమవుతున్న పడుచు గుర్రం చుక్కి, సొంత తొట్టి నీళ్ళు తప్ప ముట్టేది కాదు. ఆ దారులన్నీ ఒకప్పుడు తిరిగిన ముసలి గుర్రం గవ్వమ్మకేమో ఊళ్ళ పేర్లే మరుపున పడుతున్నాయి. ఈ ఒక్కటైనా మరిచేలోపు నేర్పాలని గవ్వమ్మ, చుక్కి తొట్టిని తన్ని బోర్లించింది.

“పక్కనున్న గేదె తొట్టిలో తాగవే!”

“ఛీ, ఎంగిలి! దాహం లేదవ్వా.”

“దాహమయ్యేదాకా ఆగితే దారిలోనే కూలబడతావు, మహారాణీ! మా రోజుల్లో వాగు కనబడితే మూతి ముంచేవాళ్ళం. ఆ చల్లదనం ఇంకా నాలుక మీదే ఉంది.”

గేదె కిసుక్కున నవ్వింది. చుక్కి కళ్ళు మూసుకుని తాగింది.

పందెం ముగించి గెంతుతూ వచ్చింది. “అవ్వా, ప్రతి వాగులోనూ తాగాను!”

“ఏ వాగులమ్మా? ఎవరి పిల్లవు నువ్వు?” అంది గవ్వమ్మ.

చుక్కి అవ్వ పక్కన చేరి, మొదటి వాగు నుంచి చెప్పసాగింది.